జ్వరం విడిచిన శుక్రవారం

మా విజయనగరంలో తొలేళ్ళ రాత్రి నాకు జ్వరం వచ్చింది. మర్నాడు మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ సాయంత్రం ఊరంతా వీధుల్లో ఉంటే, నేను రెండు దుప్పట్లు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. డప్పుల చప్పుడు గదిలోకి వినబడుతోంది. కళ్ళు కదిలిస్తే కనుగుడ్ల వెనక పోటు. నడుము, మోకాళ్ళు విరగ్గొట్టినట్టు ఉన్నాయి. థర్మామీటరు 103 చూపించింది. "ఒళ్ళు కాగిపోతోంది" అంటూ అమ్మ తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది.

బుధవారం రక్తపరీక్షలో డెంగ్యూ అని తేలింది. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేసుకోవద్దని, నీళ్ళూ కొబ్బరినీళ్ళూ ఎక్కువగా తాగమని చెప్పి ఇంటికి పంపారు. జాగ్రత్తలు ఇంగ్లీషులో అచ్చు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. అందులో ఏముందో ఎవరూ నోటితో చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకు మెలకువ వచ్చేసరికి దిండు చెమటతో తడిసి ఉంది. అమ్మ వచ్చి ముందు నుదుటి మీద, తర్వాత మెడ కింద చేతి వెనక భాగం ఆనించి చూసింది. "జ్వరం విడిచింది నాయనా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో నాలుగు రోజుల అలసట ఒక్కసారి కరిగిపోవడం నేను చూశాను. తలకు వేడినీళ్ళు పోసి, బీరకాయ కూర, మిరియాల చారుతో పథ్యం పెడతానని వంటింట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నానికి కడుపులో నొప్పి మొదలైంది. రెండుసార్లు వాంతి అయింది. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మాయి. చేతివేళ్ళు చల్లగా, చెమ్మగా ఉన్నాయి. ఇన్ని రోజుల జ్వరం తర్వాత నీరసం ఉండదా అని అందరం అనుకున్నాం. శ్రీకాకుళంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న మా చెల్లెలు ఫోను చేసి, జ్వరం సంగతి అడగనే లేదు. "అన్నయ్యా, ఒంటికి ఎప్పుడు వెళ్ళావు?" అంది. ఆలోచిస్తే ఉదయం నుంచి వెళ్ళలేదు. "ఆటో పిలిపించుకుని ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళు. అమ్మకు ఇయ్యి ఫోను" అంది.

ఆసుపత్రిలో రక్తపోటు 96/78. పై అంకెకూ కింది అంకెకూ మధ్య దూరం 20 కూడా లేకపోవడం చూసి డ్యూటీ డాక్టరు గబగబా రెండో చేతికి కూడా సూది పెట్టించారు. ప్లేట్‌లెట్లు 31 వేలు. బంధువుల ఫోన్లన్నీ వాటి గురించే, బొప్పాయి ఆకు రసం గురించే. డాక్టరు మాత్రం హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం చూశారు. బుధవారం 41 ఉన్నది 50కి పెరిగింది. సన్నటి రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటిభాగం బయటికి ఊరిపోతోంది, మిగిలిన రక్తం చిక్కబడుతోంది. ఉదయం నుంచి నేను ఒంటికి వెళ్ళకపోవడానికి కారణం కూడా అదే. సెలైన్ ఎక్కించి, ఆరు గంటలకోసారి రక్తం తీసి చూసి, చుక్కల వేగం పెంచుతూ తగ్గిస్తూ ఆ రాత్రి గడిపారు.

మర్నాడు కాస్త తేరుకున్నాక మంచానికి తగిలించిన కేసు షీటు చదివాను. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. తెలియని మాట కనబడితే ఊరుకోలేను. అయిదో రోజు, ఉదయం 5 గంటలు అని రాసి, పక్కన ఒక క్రియ: 'డిఫర్వెస్డ్'. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మను అడిగాను.

"జ్వరం దానంతట అది దిగడం మాస్టారూ. మాత్ర వేశాక దిగి మళ్ళీ ఎక్కితే మేం ఈ మాట రాయం. డెంగ్యూలో మా గడియారం ఈ మాట దగ్గరే మొదలవుతుంది. ఇక్కడి నుంచి 48 గంటలు మీ మీద కళ్ళు పెట్టుకుని ఉంటాం" అన్నారు.

అంటే అమ్మ పథ్యం వండడం మొదలుపెట్టిన ఘడియలోనే వీళ్ళు కాపలా మొదలుపెడతారన్నమాట.

ఆ మంచం మీద నాకు ఆ మాట తప్ప వేరే ధ్యాస లేదు. లాటిన్‌లో 'ఫెర్వెరే' అంటే మరగడం, 'డీఫెర్వెస్కెరే' అంటే ఆ మరుగు అణగడం. పాలు కాగుతాయి, నీళ్ళు కాగుతాయి, జ్వరంలో ఒళ్ళూ కాగుతుందని మనం అంటాం. అంతవరకు రెండు భాషలదీ ఒకే పొయ్యి. 1868లో జర్మనీలో కార్ల్ వుండర్లిష్ అనే వైద్యుడు వేలమంది రోగుల ఉష్ణోగ్రతలు లెక్కగట్టి, ఏ జబ్బులో జ్వరం ఎలా ఎక్కుతుందో ఎలా దిగుతుందో ప్రకటించాడు. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో న్యుమోనియా రోగికి వారం తిరిగేసరికి చెమటలు పట్టి జ్వరం ఒక్కసారిగా దిగితే బతికినట్టే. టైఫాయిడ్‌లో మెట్లు దిగినట్టు రోజుకు కొంత దిగుతుంది. రెండుచోట్లా ఆ క్రియ శుభవార్తే. డెంగ్యూలో అదే క్రియ హెచ్చరిక.

మన క్రియ వేరు. 'విడిచింది' అంటాం. గ్రహణం పడుతుంది, విడుస్తుంది. విడిచాక తలస్నానం చేసి పొయ్యి వెలిగిస్తాం. జ్వరం విడిచాక అమ్మ చేయబోయినది సరిగ్గా అదే. పట్టినది పోయింది, ఇక భయం లేదనే అర్థం ఆ మాటలోనే ఇమిడి ఉంది. మన వాక్యంలో జ్వరమే కర్త: అదే వస్తుంది, అదే పట్టుకుంటుంది, అదే విడిచిపోతుంది. డాక్టరమ్మ షీటులో కర్త నేను. మరుగు అణిగింది నా ఒంట్లో, ఆ ఒళ్ళు ఇంకా ఇక్కడే ఉంది, దాన్ని చూడండి అని ఆ వాక్యం చెబుతోంది. ఆ తేడా తెలిసి ఉంటే శుక్రవారం ఉదయాన్నే బయలుదేరేవాళ్ళం.

అమ్మ మాటను తప్పు పట్టలేను. సంస్కృతంలో దీన్ని జ్వరమోక్షం అన్నారు. చరక సంహిత చికిత్సాస్థానం చూస్తే, జ్వరం వదిలే వేళ మనిషి మూలుగుతాడని, వాంతి చేసుకుంటాడని, చెమటలు పట్టి వణుకుతాడని, మాటిమాటికీ సొమ్మసిల్లుతాడని ఉంది. విడుపు కూడా ఒక గండమని వాళ్ళు కళ్ళారా చూశారు. మాట మనదాకా వచ్చింది. ఆ జాగ్రత్త మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

ఆదివారం హెమటోక్రిట్ 42కి దిగింది. బయటికి ఊరిన ద్రవం మళ్ళీ నాళాల్లోకి వస్తోందని సెలైన్ ఆపేశారు. అప్పుడే ఎక్కించడం ఆపకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందట. కాళ్ళ మీద ఎర్రటి దద్దురు, మధ్యమధ్య తెల్లటి మచ్చలు, ఒకటే దురద. అది కోలుకుంటున్న గుర్తని చెప్పి డాక్టరమ్మ మొదటిసారి నవ్వారు. ఆకలి వేసింది. మంగళవారం ఇంటికి వచ్చాను. నెల రోజులు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. పాఠం మధ్యలో కూర్చోవలసి వచ్చేది.

దీపావళి దాటాక ఎదురింటి కుర్రాడికి జ్వరం వచ్చింది. నాలుగో రోజు వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చి, ఒళ్ళు చల్లబడిందని సంతోషంగా చెప్పింది. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి లేచింది.

"విడిచిందా? మరి పిల్లవాడు ఒంటికి వెళ్ళాడా?"