సున్నా వ్యాపారానికి డెబ్భై వేలు

నిన్న, అంటే 2023 ఆగస్టు 28 రాత్రి పదకొండు దాటాక నా జీఎస్టీఆర్-10 (రిజిస్ట్రేషన్ రద్దయ్యాక వేయాల్సిన ఫైనల్ రిటర్న్) వెళ్లింది. మాఫీ గడువు 31. రెండు నెలలుగా కంటి నిండా నిద్ర లేదు. ఒళ్లు మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

2018 చివర్లో ఇంట్లోంచే మంగళగిరి కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్ ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాను. ఏడాదికి నాలుగు లక్షలు దాటని బేరం. మామూలుగా ఇంత చిన్నదానికి జీఎస్టీ అక్కర్లేదు. కానీ అప్పట్లో ఆన్‌లైన్ సైట్లలో సరుకు అమ్మాలంటే రూపాయి బేరానికైనా తీసుకోవాల్సిందే. (2023 అక్టోబరు నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లకి సడలింపు ఇచ్చారు. నాకు ఒరిగిందేమీ లేదు.) తెలిసినవాళ్లు ఒక ఆడిటర్ గారి దగ్గరికి పంపారు. నిజానికి ఆయన ఆడిటరేమీ కాదు, రిటర్న్‌లు వేసిపెట్టే కన్సల్టెంట్. మా ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు. నెలకి ఐదొందలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది, అమ్మకాలు ఆగిపోయాయి. "వ్యాపారం మానేస్తున్నానండీ" అని ఫోన్ చేస్తే "అలాగేనమ్మా, నేను చూసుకుంటాను" అన్నారు. నేను స్కూల్లో ఉద్యోగంలో చేరిపోయాను.

ఆయన చూసుకున్నదేమిటో మొన్న జూన్‌లో తెలిసింది. మళ్లీ మొదలుపెడదామని నా పాన్ మీద కొత్త జీఎస్టీకి అప్లై చేస్తే నోటీసు వచ్చింది. రిటర్న్‌లు వేయనందుకు పాత రిజిస్ట్రేషన్‌ని 2020 సెప్టెంబరు 30 నుంచి జీఎస్టీ వాళ్లే రద్దు చేశారట. ఆ మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఏడు రిటర్న్‌లు, ఆపైన ఫైనల్ రిటర్న్ పెండింగ్.

సరే, వేసేద్దాం అనుకున్నాను. లాగిన్ ఏది?

రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు నాది కాదు, ఈమెయిల్ నాది కాదు. రెండూ కన్సల్టెంట్‌వే. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది. ఫోన్ చేస్తే "ఆ సిమ్ ఎప్పుడో పోయిందమ్మా, ఆ మెయిల్ కూడా తెరవట్లేదు" అన్నారు. షోకాజ్ నోటీసు, రద్దు ఆర్డరు, అన్నీ ఆ తెరవని మెయిల్‌కే వెళ్లాయి. 2020 జూన్ నుంచి, అమ్మకాలేమీ లేని నెలకి వేసే సున్నా రిటర్న్‌ని 14409కి ఒక్క ఎస్సెమ్మెస్ పంపి వేసేయొచ్చు. అదీ రిజిస్టరైన నంబరు నుంచే! నా పేరున ఉన్న వ్యాపారానికి తాళం చెవి ఇన్నేళ్లూ ఇంకొకరి జేబులో ఉందన్నమాట.

దీనికి ఒకటే దారి. జీఎస్టీ సర్కిల్ ఆఫీసుకి వెళ్లి అర్జీ, పాన్, ఆధార్, ఫొటో ఇస్తే ఆఫీసరు కొత్త ఫోన్, మెయిల్ ఎక్కిస్తారు, తాత్కాలిక పాస్‌వర్డ్ మన మెయిల్‌కి వస్తుంది. చెప్పుకుంటే రెండు ముక్కలు. నాకు నాలుగు సెలవులు పోయాయి.

మొదటిసారి వెళ్తే సీట్లో ఉన్నాయన కాగితం చదవకుండానే "ఏమ్మా, వ్యాపారం మీ ఆయనదేగా? ఆయన్ని రమ్మను" అన్నాడు. నాదేనండీ అన్నాను. "పేరు నీదే, చేసేది ఆయనేగా" అన్నాడు. పక్క కుర్చీలోని ఆవిడ కూడా నవ్వింది. నాకు కోపం కంటే ఆశ్చర్యమేసింది. చీరలు మడతపెట్టింది, ప్యాకింగ్ టేపు పళ్లతో తెంపింది, కొరియర్ కుర్రాడితో బస్తాల లెక్క కోసం గొడవపడింది నేను. అక్కడ మాత్రం మా ఆయన లేకుండా నా పాన్‌కి విలువ లేదు.

రెండోసారి వెళ్తే రద్దైన నంబరుకి ఫోన్ మార్చడం కుదరదన్నారు. కుదరకపోతే రిటర్న్‌లు ఎలా వెయ్యాలి, వెయ్యకపోతే ఫైన్ ఎలా కట్టాలి అంటే "అది మీరు ముందే చూసుకోవాల్సింది" అని జవాబు.

మూడోసారి కంప్యూటర్లో నా పాత ఫొటో తెరిచారు. అక్కడ బెంచీ మీద ఆరేడుగురు కూర్చున్నారు. ఆయన స్క్రీన్‌ని వాళ్లకి కూడా కనబడేలా తిప్పి, ఫొటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇది మీరేనా? అప్పుడు సన్నగా ఉన్నారే. ఎగ్గొట్టిన డబ్బులు బాగానే ఒంటబట్టాయి" అన్నాడు. బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఎగ్గొట్టింది ఒక్క రూపాయి లేదు. ఆ ఏడు నెలల్లో అమ్మింది సున్నా, కట్టాల్సిన పన్నూ సున్నా. ఆ మాట అనాల్సింది. అనలేదు. బ్యాగులో కాగితాలు సర్దుకుంటుంటే చేతులు వణికాయి. ఇంటికొచ్చాక ఎన్ని జవాబులు తట్టాయో!

నాలుగోసారి ఆ సీటు దగ్గర ఆగకుండా తిన్నగా ఆఫీసరు గదిలోకే వెళ్లాను. ఆవిడ అర్జీ మొత్తం చదివి, "ఇంతమాత్రానికి ఇన్నిసార్లు తిరిగారా" అని ఐదు నిమిషాల్లో మార్చేశారు. మీరూ వెళ్లాల్సి వస్తే గుమాస్తాలతో మొదలుపెట్టకండి.

లాగిన్ వచ్చాక లెక్క చూశాను. ఆ నెలల సున్నా రిటర్న్‌కి ఆలస్య రుసుము రోజుకి 20 రూపాయలు. ఐదొందల రోజులకి పదివేలు, అక్కడితో ఆగుతుంది. నావి వెయ్యి రోజులు ఎప్పుడో దాటాయి. ఏడింటికి డెబ్భై వేలు. 2021 జూన్ నుంచి నవంబరు దాకా ఇవే పాత సున్నా రిటర్న్‌లకి ఒక్కోదానికి ఐదొందలు కడితే చాలని మాఫీ ఇచ్చారు. అప్పుడు వేసుంటే మూడున్నర వేలతో పోయేది. ఆ కబురు కూడా ఆ మెయిల్‌కే వెళ్లి ఉంటుంది.

ఇంకొక కన్సల్టెంట్ "రద్దుని వెనక్కి తీయించండమ్మా, ఆగస్టు 31 దాకా అవకాశముంది" అని తెగ తొందరపెట్టాడు. నేను కాగితం మీద లెక్క వేశాను. రద్దు పోతే 2020 అక్టోబరు నుంచి నిన్నటి దాకా మళ్లీ రిటర్న్‌లన్నీ వెయ్యాలి. అందులో 2021 మే దాకా ఎనిమిది నెలలకి పదేసి వేలు. అదే ఇంకో ఎనభై వేలు! వ్యాపారం ఆపేసినవాళ్లకి అది గొయ్యి. రద్దైన తేదీ దాకా పాతవి వేసి, ఫైనల్ రిటర్న్ వేసి చేతులు కడుక్కోవడమే మేలు. ఫైనల్ రిటర్న్ ఆలస్యానికి రోజుకి 200, గరిష్ఠంగా పదివేలు. 2023లో దానికి ఇచ్చిన మాఫీలో వెయ్యితో పోయింది. ఆ మాఫీ గడువు మొదట జూన్ 30, జూలైలో పొడిగించారు కాబట్టి బతికిపోయాను. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనే తేల్చుకున్నాను. బీకాం ఊరికే పోలేదు.

వరలక్ష్మీ వ్రతం నాడు, శుక్రవారం, లక్ష్మీదేవిని పిలవాల్సిన పూట 70 వేలు చలానా కట్టాను. అదీ తిన్నగా కట్టలేదు. 'ఫీ' గడిలో వెయ్యాల్సింది 'టాక్స్' గడిలో వేశాను. డబ్బు లెడ్జర్‌లో కనబడుతుంది, రిటర్న్ మాత్రం కదలదు. గుండె ఆగినంత పనైంది. పీఎంటీ-09 అని ఒక ఫారం ఉంది, దాంతో ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మార్చుకోవచ్చు. అలా వెతుకుతుంటే ఆన్‌లైన్ సైటు వాళ్లు అప్పట్లో ఒక శాతం చొప్పున నా అమ్మకాల డబ్బులోంచి పట్టుకున్న పన్ను (టీసీఎస్) రెండు వేల చిల్లర అక్కడే పడి ఉంది. ఫైనల్ రిటర్న్ వెయ్యి దాంట్లోంచే కట్టాను.

ఏడు రిటర్న్‌లూ ఆదివారం ఒక్క రాత్రిలో నేనే వేశాను. ఒక్కోటీ రెండు నిమిషాలు. దీనికా నెలకి ఐదొందలు ఇచ్చింది!

ఈ పొద్దున ఆ పాత ఆడిటర్ గారు ఫోన్ చేశారు. ఎవరో చెప్పినట్టున్నారు. "అయిపోయిందటగా అమ్మా, కొత్తది రాగానే చెప్పు, ఈసారి జాగ్రత్తగా నేనే చూసుకుంటాను" అన్నారు. "నా ఫోన్ నంబరు మీ దగ్గర ఉందిగా" అని పెట్టేశాను.