తుమ్ముల క్యాలెండరు

మా అపార్ట్‌మెంటు సెల్లారులో తల్లి వదిలివెళ్ళిన రెండు పిల్లి పిల్లలను ఇంటికి తెచ్చుకొని మూడేళ్ళు దాటింది. వాటిలో చుక్కి వచ్చిన నాటి నుంచే తుమ్మేది. తెల్లవారేసరికి దాని కళ్ళు పుసులు కట్టి అతుక్కుపోయేవి. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదిని కాసేపు ఆనించి, ముక్కు వైపు నుంచి బయటికి మెల్లగా తుడిస్తే తప్ప రెప్పలు విడివడేవి కావు. ఎవరైనా బయటికి బయల్దేరుతుండగా చుక్కి తుమ్మితే మా అత్తగారు కాసేపు కూర్చొని మంచినీళ్ళు తాగి వెళ్ళమనేవారు. అది వరుసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మడం మొదలుపెట్టాక ఆ శకునాల లెక్క ఆవిడే మానుకున్నారు.

మొదటి ఏడాదంతా తుమ్ములు మొదలవగానే ఆసుపత్రికి పరుగెత్తడం, యాంటీబయాటిక్ తెచ్చి వేయడం, తగ్గిందని సంతోషించడం, రెండు నెలలకు మళ్ళీ అదే కథ. వేరొక డాక్టరుగారు ఓపికగా వివరించేదాకా నాకు అసలు సంగతి తెలియలేదు. పిల్లుల్లో ఈ జలుబుకు చాలావరకు కారణం హెర్పిస్, కాలిసీ అనే రెండు వైరస్‌లు. హెర్పిస్ ఒకసారి సోకితే ముఖానికి సంబంధించిన నరాల ముడుల్లో జీవితాంతం దాగి ఉంటుంది. పిల్లి బెదిరినా, దాని దినచర్య చెదిరినా, సుమారు వారం రోజులకు తిరిగి బయటపడుతుంది. కాలిసీ అయితే నాలుక మీద పుండ్లు కూడా రావచ్చు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చీమిడి చిక్కబడి పసుపు, ఆకుపచ్చ రంగులకు తిరిగి, జ్వరం వచ్చి, తిండి మానేసినప్పుడు, అంటే బ్యాక్టీరియా కూడా తోడైందన్న అనుమానం వచ్చినప్పుడే దాని అవసరం. నేను మందు గొప్పతనం అనుకున్నది చాలాసార్లు దానంతటదే తగ్గిన జలుబే అయి ఉంటుంది.

తుమ్మిన రోజులను రాసిపెట్టమని ఆయన చెప్పారు. వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరులో తిథి కింద ఎర్ర పెన్నుతో ‘తు’ అని రాయడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి గుట్టు బయటపడింది: దీపావళి నాడు ఒక్క ‘తు’ కూడా లేదు, కానీ వారం తిరిగాక వరుసగా ఉన్నాయి. ఇంటికి రంగులు వేయించినప్పుడూ, మేము ఊరెళ్ళి చుక్కిని మూడు రోజులు పెంపుడు జంతువులను చూసుకునే బోర్డింగులో ఉంచినప్పుడూ అంతే.

అప్పటి నుంచి సాంబ్రాణి ధూపాన్ని బాల్కనీకి మార్చాము, దోమల చుట్ట మానేశాము, పోట్లాటలు రాకుండా ఇద్దరికీ మలమూత్రాలకు వేరువేరు లిట్టరు ట్రేలు పెట్టాము. ముక్కు దిబ్బడ వేస్తే స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి, ఆ ఆవిరిలో పది నిమిషాలు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. తొలి చలికాలంలో మనుషులకు చేసినట్టే ఆ నీళ్ళలో నీలగిరి తైలం వేసి గట్టిగా చీవాట్లు తిన్నాను. అది పిల్లులకు విషమట. పారాసెటమాల్ సంగతి మరీ ఘోరం, ఒక్క బిళ్ళ కూడా పిల్లి ప్రాణం తీయగలదు. హెర్పిస్‌ను అణుస్తుందంటే లైసిన్ అనే అమైనో ఆమ్లం పొడి కూడా కొన్నాళ్ళు తిండిలో కలిపి పెట్టాను గానీ, దానివల్ల ఉపయోగం లేదని 2015లో వెలువడిన ఒక సమీక్ష తేల్చిందని తెలిశాక ఆ ఖర్చు మానుకున్నాను. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ళ రాసిచ్చినప్పుడు మాత్రం వెనువెంటనే సిరంజితో కొంచెం నీళ్ళు పట్టాలి. లేకపోతే అది అన్నవాహికలో అతుక్కొని పుండు చేస్తుంది.

నన్ను ఇప్పటికీ భయపెట్టేది తుమ్ము కాదు, తిండి. వాసన తెలియని పిల్లి గిన్నె వైపు చూడదు. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఉడికించిన చేపను వేడిచేసి, వాసన లేచేటప్పుడు వేలికి రాసుకొని మూతి దగ్గర పెడతాను. ఒక రోజు గడిచినా ముట్టకపోతే ఇక ఆగకుండా ఆసుపత్రికే. ఒక కన్ను చికిలించినా అంతే, హెర్పిస్ కంటి ముందుండే పారదర్శకమైన పొర (కార్నియా) మీద పుండు చేయగలదు కాబట్టి ఇంట్లో ఉన్న చుక్కల మందు ఏదీ వేయను.

టీకాలు ఏటా వేయిస్తున్నాము. అవి దాగిన వైరస్‌ను వెళ్ళగొట్టలేవు గానీ, జబ్బు తీవ్రతను తగ్గిస్తాయి.

వచ్చే నెల పై అంతస్తులో టైల్స్ పని మొదలవుతుందట. మేస్త్రీని అడిగి తేదీ తెలుసుకొని, అక్కడి నుంచి వారం లెక్కపెట్టి, ఆ గళ్ళలో పెన్సిలుతో చుక్కలు పెట్టాను. ఆ రోజుల్లో పడిన పెళ్ళికి మా వారు ఒక్కరే వెళ్తున్నారు.