ఏడు టిక్కీల మిర్చి కోసం గుంటూరు

రాజమండ్రి దగ్గర మా ఊళ్లో పద్నాలుగు మంది ఆడవాళ్లం కలిసి పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. నేను లెక్కలు రాస్తాను. మిగతాదంతా అక్క చూస్తుంది. సొంత అక్క కాదు, గ్రూపు లీడరు, ఊరందరికీ అక్కే. ఆ మధ్య ఒక శిక్షణలో మాలాంటి వాటిని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారని చెప్పారు. దానధర్మాలతో కాకుండా వ్యాపారంతోనే పేదరికం తగ్గించడమట. అక్క అంతా శ్రద్ధగా విని, "వ్యాపారం చేస్తూనే ఉన్నామండి, పేదరికమే ఇంకా తగ్గాలి" అంది. చెప్పేవాళ్లు కూడా నవ్వేశారు.

2025 మార్చిలో మిర్చి ధర బాగా పడిపోయిందని పేపర్లో చూశాం. సంబరపడ్డాం కూడా. ఆవకాయ సీజను ముందు కారం చవగ్గా దొరకడం అంటే మాకు పండగే. ఎప్పుడూ కొనే రాజమండ్రి షాపు మానేసి ఈసారి గుంటూరు వెళ్లి తెచ్చుకుందామని అక్కే అంది. మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కి రాత్రికి బెజవాడలో దిగాం. సత్యనారాయణపురంలో అక్క వాళ్ల చిన్నమ్మ ఇంట్లో పడుకుని, తెల్లారకుండానే పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ పట్టుకున్నాం.

బస్సు వారధి మీద ఉండగా అక్క కృష్ణమ్మకి దణ్ణం పెట్టి, ఉన్నట్టుండి కిస్తీల సంగతి ఎత్తింది. పదిహేనేళ్ల కిందట ఆవిడ ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసుకుంది. పేరెందుకులే. ప్రతి మంగళవారం పొద్దున్నే అందరూ ఒక అరుగు మీద కూర్చోవాలి. ఒకరి డబ్బు తక్కువైతే అది సర్దేదాకా ఎవరూ లేవకూడదు. "ఆవకాయ కలిపాక మూడో రోజు తిరగ కలపాలి, అమ్మడానికి నెల పడుతుంది. కిస్తీ మాత్రం ఏడో రోజుకే వచ్చేసేది" అంది అక్క.

పేదలకి చిన్న అప్పులిచ్చే వ్యాపారానికి ఈ ప్రాంతం పెద్ద ప్రయోగశాల. తర్వాత దేశమంతా పాకిన స్పందన సంస్థ 1998లో మొదలైంది గుంటూరులోనే. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు ఇలాంటి కంపెనీల శాఖలు యాభై దాకా మూయించారు. వడ్డీ ఎక్కువని, వసూళ్లలో బలవంతం ఉందని ఫిర్యాదులు. అదే ఏడాది బంగ్లాదేశ్‌లో చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకుకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2010లో ఇలాంటి అప్పులే ఇచ్చే ఎస్‌కేఎస్ కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. అప్పులవాళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలని వార్తలూ వచ్చాయి. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం కిస్తీ పోయి నెల కిస్తీ అయింది. అసలుని మించి వడ్డీ తీసుకోకూడదంది. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు వడ్డీకి 26 శాతం హద్దు పెట్టింది. మన లెక్కలో నూటికి నెలకి రెండు రూపాయల పైచిలుకు. డ్వాక్రా అప్పులకి పావలా వడ్డీ చూసినవాళ్లకి అది తక్కువేమీ కాదు. అలాగని ఆ కంపెనీలు వట్టి దొంగలని అక్క ఒప్పుకోదు. "ఆరోజు బ్యాంకువాడు గుమ్మం ఎక్కనివ్వలేదు, వీళ్లే ఇంటికొచ్చి ఇచ్చారు. ఇవ్వడం తప్పు కాదమ్మాయ్. ఆగకపోవడం తప్పు" అంది.

గుంటూరు బస్టాండు నుంచి ఆటోలో చుట్టుగుంట చేరకముందే ముక్కు మండడం మొదలైంది. మిర్చి యార్డు గేటు దగ్గరికొచ్చేసరికి ఇద్దరం తుమ్ములే తుమ్ములు. అక్కడివాళ్లు మాత్రం మల్లెతోటలో తిరుగుతున్నట్టు తిరుగుతున్నారు. సీజన్లో రోజుకి లక్ష టిక్కీల పైన వచ్చే యార్డు అది. టిక్కీ అంటే నలభై కిలోలు పైబడే బస్తా. ఎటు చూసినా ఎరుపే. హమాలీలు వీపు మీద టిక్కీతో పరుగెడుతుంటే పక్కకి తప్పుకోవడమే మా పనైంది. కాటా వేసే దడవాయిలు, బస్తా కోసి గుప్పెడు కాయలు తీసి విరిచి చూసే వ్యాపారులు, ఇది తేజ, ఇది 334, ఇది బ్యాడిగి అని కంటితోనే చెప్పేసే గుమాస్తాలు. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారు, దాని ధర వేరే. ఇంట్లో అయితే అక్క దాన్నీ కారంలో కలిపేస్తుంది.

లైసెన్సు లేనివాళ్లం యార్డులో నేరుగా కొనలేమని అక్కడికెళ్లాకే తెలిసింది. ఇంత దూరం వచ్చి ఇదేంటని నాకు టెన్షన్. అక్క మాత్రం రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక కమీషన్ కొట్టు అరుగు మీద తాపీగా కూర్చుని, పక్కన బీడీ తాగుతున్న పెద్దాయనతో మాట కలిపింది. ఆయన ప్రత్తిపాడు వైపు కౌలురైతు. రాత్రంతా తన టిక్కీల మీదే పడుకున్నాడట.

"ఎంత పడింది బాబాయ్?"

"పదిన్నర. పన్నెండన్నా రాకపోద్దా అనుకున్నా." క్వింటాకి పదివేల ఐదొందలు అన్నమాట.

ఆ ధర ఇలా ఎందుకు పడిందో ఆయన చెప్పినంత బాగా పేపర్లో ఎవరూ రాయలేదు. 2021–22లో నల్ల తామర పురుగు తోటలకి తోటలే తినేసింది. సరుకు కరువై తర్వాత ధర 20 వేలు దాటింది. అది చూసి అందరూ మిరపే వేశారు. "నేనూ వేశా. ఇరవై వేలు చూసినోడు ఊరుకుంటాడా అమ్మా?" ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర లెక్కగట్టింది. మార్కెట్ ధర అంతకన్నా తక్కువుంటే తేడా ఇస్తామంది.

"కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగొచ్చు కదండీ?" అన్నాను, తెలివైన సలహా ఇస్తున్నాననుకుని. గుంటూరు చుట్టూ ఉన్నవన్నీ అవే కదా.

"ఆగొచ్చు. కోత కూలీలు ఆగుతారా? కౌలు ఆగుద్దా? మందులకి ఇచ్చింది ఈ కొట్టాయనే, ఆయన ఆగుతాడా?" అని, కాసేపు ఊరుకుని, "ఆగగలిగినోడిదేనమ్మా మిరపకాయ" అన్నాడు. ఆయన కొడుకు పక్కనే ఉన్నాడు. పదిమంది రైతులు కలిస్తే కంపెనీ పెట్టుకోవచ్చని, 2002లో కంపెనీల చట్టం మార్చి ఆ వీలు ఇచ్చారని ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. "కంపెనీ పెడతాం సరే, ఈ కొట్టు అప్పు కంపెనీ తీరుస్తదా?" అన్నాడు పెద్దాయన.

అప్పుడడిగాడు, "ఇంతకీ మీరెందుకొచ్చారమ్మా?"

పచ్చళ్లకి కారం కొందామని, ధర తగ్గింది కదా అని వచ్చామని నోరు రాలేదు. అక్కే చెప్పింది. ఆయనేమీ అనుకోలేదు. "మంచిదే. వచ్చే ఏడు ఇంటికే రండి, తొడిమ తీసి మరీ ఇస్తా" అని కొడుకు చేత ఫోన్ నంబరు చెప్పించాడు. నా రైలు టికెట్టు వెనక రాసుకున్నాను.

ఏడు టిక్కీలు బయట ఒక చిన్న వ్యాపారి దగ్గర కొన్నాం, పార్సిల్ ఆఫీసులో వేశాం. రంగు కోసం వరంగల్ చపాటా రకం మిర్చి వేరే తెప్పించుకోవాలి. ఆ వ్యాపారి షెడ్డులో పాతిక మంది ఆడవాళ్లు కింద కూర్చుని తొడిమలు తీస్తున్నారు. కూలి కిలో లెక్కన. మొహానికి చీర కొంగు తప్ప ఇంకేమీ లేదు. అక్క అందులో ఒకావిడ వేళ్లు పట్టుకుని చూసింది, ఏమీ అనలేదు.

తిరుగు దారిలో మంగళగిరిలో దిగడం అక్క పట్టుదల. కొండ మీద పానకాల స్వామి దగ్గర బిందె పానకం పోయిస్తే సగం స్వామికి, సగం మనకి. "చూశావా, దేవుడు కూడా సగమే ఉంచుకుంటాడు" అంది మెట్లు దిగుతూ. కింద నేతన్నల వీధిలో ఒక ఇంట్లో గుంట మగ్గం మీద నిజాం అంచు చీర నేస్తున్నారు. నూలు, జరీ, డిజైను అన్నీ మాస్టర్ వీవర్‌వి, అంటే నేయించుకునే వ్యాపారివి. నేసేవాళ్లకి చీరకింతని కూలి. ఇంటావిడ కండెలు చుడుతోంది, ఆవిడకి వేరే కూలేమీ లేదు. మాకు చీర అమ్మమంటే భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టర్ వీవర్ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం, బయట అమ్మితే బాగుండదన్నారు. షాపులో కొనుక్కున్నాం.

రాత్రి రైల్లో నేను లెక్కల పుస్తకం తీశాను. ఆ పెద్దాయన అనుకున్న ధరకీ వచ్చిన ధరకీ తేడా క్వింటాకి పదిహేనొందలు. అది మేమే ఇవ్వాలంటే సీసాకి ఎంత పడుతుందో చూద్దామని, ఇంకో ఐదొందలు కలిపి రెండు వేలనుకున్నాను, అంటే కిలోకి ఇరవై రూపాయలు. మా అరకిలో సీసాకి కారం అరవై గ్రాములు పడుతుంది. తొడిమ, తరుగు కలుపుకుంటే కాయలు డెబ్బై ఐదు గ్రాములు.

"సీసాకి రూపాయిన్నర" అన్నాను.

అక్క నమ్మలేదు. మళ్లీ చేయించింది. మళ్లీ రూపాయిన్నరే.

"రూపాయిన్నర కోసం మనం ఇంత దూరం వచ్చామా?"

"నాలుగు వేల సీసాలకి ఆరు వేలు. పద్నాలుగు మందికి పంచితే తలకి నాలుగు వందల పైన."

ఆ నాలుగు వందలు వదులుకోమని ఎవరితో అనగలమో ఇద్దరం పేర్లు అనుకున్నాం. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాం. సీసా ధర రెండు రూపాయలు పెంచుదామా అంటే, పాత ధరతో అచ్చువేయించిన స్టిక్కర్లు ఇంకా రెండు వేలున్నాయని అక్కకి గుర్తొచ్చింది.

"ఆ టికెట్టు పారెయ్యకు" అని, కొత్త చీర తల కింద పెట్టుకుని పడుకుంది.