మే ఎండలో పఖాళ, కంచంలో లెక్క

బరంపురం (ఒడిశా), మే నెల, సోమవారం

ఎండలు ముదిరాయి. ఈ నెలంతా మన వీధుల్లో మధ్యాహ్నం పూట పొయ్యి మీద వండేది తక్కువ, నీళ్లలో నానేసేది ఎక్కువ. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం), సాయంత్రం గిన్నెడు ముఢి (మరమరాలు). షుగరు ఉన్న ఇళ్లలోనూ ఇదే వరస. స్వీట్లు మానేశాం, టీలో పంచదార మానేశాం, అయినా తిన్న రెండు గంటలకు షుగరు 220 చూపిస్తోందేమని అడిగేవాళ్లు చాలామంది. కడుపులో బరువే తెలియని ఈ తిండిని ఎవరూ లెక్కలో వేయరు, చిక్కంతా అక్కడే.

పొద్దున, పరగడుపు రీడింగు. రాత్రి పడుకునేటప్పటికన్నా 20, 30 ఎక్కువ వస్తే రాత్రి భోజనాన్నే తిట్టుకోనక్కర్లేదు. తెల్లవారుజామున లివరు తనంతట తానే రక్తంలోకి గ్లూకోజు వదులుతుంది. రోజూ అలాగే 130 దాటుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే. మీటరు విషయంలో ఒక జాగ్రత్త: మామిడిపండు కోసిన చేత్తో వేలు గుచ్చితే ఆ తీపి కూడా రీడింగులో కలుస్తుంది. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చాలి. గోపాలపురం నుంచి వచ్చే చెమ్మగాలికి స్ట్రిప్పులు త్వరగా పాడవుతాయి. డబ్బా మూత తీసిన మరుక్షణం పెట్టేయాలి, వంటగదిలో అసలు ఉంచకూడదు. మంచి మీటరైనా 15 శాతం అటూ ఇటూ చూపించొచ్చు కాబట్టి 142కీ 150కీ తేడా వెతుక్కుంటూ కూర్చోవద్దు.

టిఫిను పెసరట్టు. ఒక్కో అట్టుకు 25 గ్రాముల పెసలు. రెండు అట్లంటే, పీచుతో కలిపి, 30 గ్రాముల కార్బు (కార్బోహైడ్రేట్లు). ఇది నిదానంగా అరుగుతుంది, పైగా పదకొండు గ్రాముల దాకా ప్రొటీను వస్తుంది. దీన్ని చెడగొట్టేది కరకర కోసం నానేసే గుప్పెడు బియ్యం, లోపల పెట్టే ఉప్మా, పక్కన బెల్లం వేసిన అల్లం పచ్చడి. ఈ మూడూ కలిస్తే పెసరట్టు పేరు మాత్రమే మిగులుతుంది. బియ్యం లేకపోతే పెనానికి అంటుకుంటుందంటారు. అంటుకునేది బియ్యం లేక కాదు, పిండి పలచనై. పెసలు ఐదారు గంటలే నాననిచ్చి, నీళ్లు పూర్తిగా వంచేసి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో గట్టిగా రుబ్బాలి. రుబ్బిన వెంటనే పోయాలి. ఈ ఎండకి ఎక్కువసేపు ఆగితే పిండి పులుస్తుంది, అట్టు తిరగబడదు. ఇనుప పెనం బాగా కాగాక సగం ఉల్లిపాయతో నూనె రుద్ది, నీళ్లు చిలకరించి, సెగ తగ్గించి పోస్తే చక్కగా లేస్తుంది. పచ్చడి కొబ్బరిదైనా వేరుశనగదైనా సరే.

అంబలి గురించి ఇక్కడే రాయాలి. కొరాపుట్, రాయగడ వైపు నుంచి వచ్చే చోళ్లు మంచి గింజ, కాల్షియానికి దానికి సాటి లేదు. 2017లో ఒడిశా ప్రభుత్వ చిరుధాన్యాల పథకం, మిల్లెట్ మిషన్ మొదలయ్యాక బరంపురం కొట్లలో కూడా పిండి సులువుగా దొరుకుతోంది. కానీ చోళ్లు తింటే షుగరు పెరగదన్న మాట తప్పు. 40 గ్రాముల పిండిలో 27, 28 గ్రాముల కార్బు ఉంటుంది. మెత్తగా ఆడించి, జారుగా కాచి, గ్లాసులో పోసుకుని తాగితే నమిలే పనే లేదు, గబగబా రక్తంలోకి చేరిపోతుంది. తాగాలనుకుంటే 15 గ్రాముల పిండితో కాచి, సగానికి సగం మజ్జిగ కలిపి, ముందు గుడ్డో గుప్పెడు మొలకలో తిన్నాక తాగాలి.

మధ్యాహ్నం పఖాళ. మార్చి 20ని పఖాళ దినంగా జరుపుకునే నేలలో దాన్ని మానమని చెప్పడం దండగ, అవసరమూ లేదు. రాత్రంతా నీళ్లలో నానిన చల్లటి అన్నంలో పిండిపదార్థం కొంత త్వరగా అరగని రూపంలోకి మారుతుందన్నది నిజం. ఆ కొంత మాటను పట్టుకుని పళ్లెం నిండా తింటేనే తంటా. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల కార్బు ఉంటుంది. నీళ్లలో పోస్తే ఎక్కడికీ పోదు. చల్లగా, నమలకుండా గొంతు దిగుతుంది కాబట్టి వేడన్నం కన్నా ఎక్కువే పడుతుంది కూడా.

అందుకని మనిషికి 30 గ్రాముల బియ్యం, 23 గ్రాముల కార్బు. మొదటి వారం వంటింటి త్రాసులో తూచి, అది ఏ గిన్నెకు ఎంతవరకు వస్తుందో గీత పెట్టుకుంటే తర్వాత త్రాసు అక్కర్లేదు. ఆ కాస్త అన్నం మీద మూడు వంతులు తరవాణి (అన్నం నానిన పుల్లటి నీళ్లు), రెండు గరిటెల పెరుగు, కీరదోస ముక్కలు, అల్లం, నిమ్మాకు. గిన్నె నిండుగానే ఉంటుంది, కళ్లకీ లోటుండదు. అసలు పని పక్కన పెట్టేవాటిది. తోటకూర వేపుడు పెద్ద గిన్నెడు. కాల్చిన వంకాయ పచ్చడి. కానాగంతలు రెండు, పసుపు, ఆవముద్ద పట్టించి కొద్ది నూనెలో వేపినవి. 15 గ్రాముల బడి (పప్పు వడియాలు) వేయించి వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయతో నలిపిన బడిచూర, ఆవనూనె చుక్క పైన. ఆలూ చకటా (ఉడికించి మెదిపిన బంగాళాదుంప) మాత్రం కంచంలోకి రాకూడదు. అన్నం పక్కన బంగాళాదుంప అంటే అన్నం పక్కన ఇంకో అన్నమే. ఎండుచేప తింటే రుచే, కానీ బీపీ ఉన్నవాళ్లకు ఆ ఉప్పు పడదు.

తినే వరస కూడా ముఖ్యం. ముందు ఆకుకూర, చేప సగానికి పైగా అయిపోవాలి, ఆ తర్వాతే పఖాళలో చెయ్యి పెట్టాలి. అదే తిండి, వరస మార్చి తింటే రీడింగులో తేడా కనిపిస్తుంది. ఒంటిగంట ఎండలో బయట నడవలేం కదా, వసారాలోనే పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే చాలు. మొదటి ముద్ద పెట్టుకున్న సమయం నుంచి రెండు గంటలు లెక్కపెట్టి చూడాలి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. తినకముందుకీ అప్పటికీ తేడా 50 లోపుంటే ఆ పూట కుదిరినట్టు. 180 దాటితే రేపు అదే కంచంలో ఒక్కటే మార్చి చూడాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు.

దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) రోజుల్లోనూ ఇదే చూపు. అరటికాయ, చేమదుంప, బంగాళాదుంప తీసేసి బొప్పాయికాయ, వంకాయ, ములక్కాడ, కాస్త గుమ్మడి వేయాలి. పప్పునీ లెక్కపెట్టాలి, 30 గ్రాముల కందిపప్పులో 18 గ్రాముల దాకా ఉంటుంది.

సాయంత్రం ముఢి. 30 గ్రాములంటే గాలికి ఎగిరిపోయేంత, అయినా 25 గ్రాముల కార్బు. ఉల్లిపాయ, మిక్చరు కలిపేసరికి ఇంకా ఎక్కువ. దాని బదులు ఉడికించిన వేరుశనగలు గుప్పెడు, లేదా బంగాళాదుంప లేని ఘుగ్ని (బఠాణీ కూర) చిన్న గిన్నెడు.

పక్కింటి పెద్దాయన గేటు దగ్గర, "అన్నం పూర్తిగా మానేశానమ్మా, రాత్రికి మూడే మూడు రొట్టెలు" అన్నారు. "మూడు రొట్టెలంటే 60 గ్రాముల కార్బు బాబాయిగారూ, మధ్యాహ్నం మా పఖాళకి రెండున్నర రెట్లు" అంటే నమ్మలేదు. ఈ ఊళ్లో సగంమంది ఇదే చేస్తున్నారు. గోధుమ బియ్యానికి తమ్ముడే. రాత్రికి ఒక్క రొట్టె, రెండు గుడ్ల పొరటు, బీరకాయో పనసపొట్టో కూర, ఏడున్నరకల్లా. పాలు, టీలతో కలిపి రోజు మొత్తం 120 గ్రాముల దరిదాపు. 130 లోపుంటే తక్కువ కార్బు తిండి కిందే లెక్క, ఇంతకన్నా బిగించి ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు.

ఇన్సులిను, గ్లిమెపిరైడ్ మాత్ర వాడేవాళ్లు మాత్రం డాక్టరుకు చెప్పకుండా అన్నం తగ్గించకూడదు. పాత మోతాదు, కొత్త కంచం కలిస్తే షుగరు 70 కిందికి పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, ఉన్నట్టుండి ఆకలి వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు వాడుతూ కార్బు మరీ తగ్గిస్తే, షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు చేప, గుడ్డు ఎంతవరకన్నది డాక్టరునే అడగాలి.

పడుకునే ముందు రీడింగు 100 లోపుండి, ఇన్సులినో గ్లిమెపిరైడో వాడుతుంటే, అరగ్లాసు పాలు, గుప్పెడు వేయించిన శనగలు తిని పడుకోవాలి. వారంలో రెండోసారి అలా అయిందంటే తప్పు తిండిది కాదు, మోతాదు తగ్గించే సమయం వచ్చినట్టు. రీడింగులు రాసిన కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.