ఒక స్క్రూ, ఒక పిన్ను, మధ్యలో చంద్ర

అమెరికాలో అంతరిక్ష రంగంలోకి పనికి వచ్చే మనవాళ్లకు మొదట తగిలే గోడ చదువు కాదు, ఇమ్మిగ్రేషన్ కాగితం. నాసా సొంత ఉద్యోగానికి ఇక్కడి పౌరసత్వం కావాలి. కాంట్రాక్టు కంపెనీల్లో గ్రీన్ కార్డు ఉంటే చాలా పనులకు సరిపోతుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు మాత్రం ఇంజిన్ డ్రాయింగ్ చూపించినా, పక్కన కూర్చోబెట్టుకుని దాని గురించి వివరించినా, చట్టం లెక్కలో ఆ సమాచారాన్ని విదేశానికి ఎగుమతి చేసినట్టే. లైసెన్సు లేకుండా కుదరదు. మీటింగు మధ్యలో 'కాసేపు బయట కూర్చోండి' అనిపించుకోవడం ఇక్కడ అవమానం కాదు, మామూలు వ్యవహారం.

చిత్రమేమిటంటే, నాసా వ్యోమనౌక స్పేస్ షటిల్ మోసిన అతి బరువైన సరుకుకు పెట్టిన పేరే వలస వచ్చిన ఒక మనిషిది. నక్షత్రాల భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1930లో కేంబ్రిడ్జికి ఓడెక్కారు. 1937లో చికాగో యూనివర్సిటీలో చేరి, 1953లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. పదహారేళ్లు! ఇప్పటి గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ లెక్క పెద్దదిగా అనిపించకపోవచ్చు. ఆయన పోయిన మూడేళ్లకు, 1998 డిసెంబరులో, ఏఎక్స్ఏఎఫ్ అని పిలుస్తూ వచ్చిన ఎక్స్‌రే టెలిస్కోపుకు చంద్ర అని పేరు పెట్టారు.

దాన్ని కక్ష్యలో వదిలిపెట్టడానికి వెళ్లింది కొలంబియా అనే షటిల్. మిషన్ ఎస్‌టీఎస్-93, కమాండర్ ఐలీన్ కాలిన్స్. షటిల్‌కు ఒక మహిళ కమాండర్ కావడం అదే మొదలు. టెలిస్కోపూ, దాన్ని పైకి తోసే ఐయూఎస్ అనే రెండు దశల రాకెట్టూ, వాటి కింది తొట్టీ కలిపి 22,753 కిలోలు. అందులో టెలిస్కోపు వాటా దాదాపు నాలుగో వంతే. పొడవు 17.4 మీటర్లు, షటిల్ సరుకు గది పొడవు 18.3. మిగతా షటిల్స్‌లో ఎయిర్‌లాక్‌ను, అంటే అంతరిక్షంలోకి బయటికి వెళ్లే గదిని, తెచ్చి ఆ గదిలోనే పెట్టేశారు. పాతదైన కొలంబియాలో అది ఇంకా లోపలి క్యాబిన్‌లోనే ఉంది కాబట్టి, ఇంత పొడుగు సరుకు దానికే పట్టింది.

1999 జులై 20 మొదటి ప్రయత్నం. కౌంట్‌డౌన్ ఏడు సెకన్ల దగ్గరికి వచ్చేసరికి వెనక ఇంజిన్ గదిలో హైడ్రోజన్ 640 పీపీఎం (పది లక్షల్లో 640 వంతులు) అని చూపించింది. దాటకూడని గీత 400. కన్సోల్ ముందున్న ఇంజినీరు కటాఫ్ (ఆపెయ్) అన్నాడు, అంతే, ఇంజిన్లు అంటుకోవడానికి అర సెకను ముందు ఆగిపోయింది. తర్వాత చూస్తే లీకు లేదు, సెన్సరు చూపించిన అంకే తప్పు. ఉన్న అంకెను బట్టి అతను చేయాల్సింది మాత్రం అదే. 'సార్‌ని అడిగి చెప్తా' అనే ఆఫీసుల నుంచి వచ్చిన మనలాంటివాళ్లకు జీర్ణం కావడానికి టైం పట్టేది ఇదే: ఆ కుర్చీలో ఉన్నవాడు ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంజిన్లు ఒకసారి వెలిగి ఆరిపోతే మళ్లీ ప్రయత్నానికి వారాలు పడుతుంది. ఇక్కడ రెండు రోజులతో పోయింది. 22న మెరుపుల వల్ల మళ్లీ స్క్రబ్, అంటే ప్రయోగం వాయిదా.

జులై 23 అర్ధరాత్రి దాటి 12:31కి లేచింది. మన దగ్గర ఉదయం పది గంటలు. అయిదు సెకన్లకే ఒక ఏసీ లైన్‌లో షార్ట్ సర్క్యూట్ అయింది. షటిల్‌కున్న మూడు ఇంజిన్లలో ఒక్కోదానికి రెండేసి కంప్యూటర్లు ఉంటాయి. మధ్య ఇంజిన్‌ది ఒకటి, కుడి ఇంజిన్‌ది ఒకటి పడిపోయాయి. జంటలో రెండోవి పని అందుకున్నాయి కాబట్టి మంట ఆగలేదు. అలా మిగిలిన రెండు కంప్యూటర్లలో ఏది పోయినా దాని ఇంజిన్ ఆగిపోయేది. అప్పుడు అంత బరువుతో వెనక్కి తిరిగి ఫ్లోరిడా రన్‌వే మీదే దిగాలి. ఆ విన్యాసం ఏ షటిలూ ఎన్నడూ చేసి చూడలేదు.

కారణం వెతికితే, సరుకు గది పక్కన వెళ్లే ఒక వైరు స్క్రూ తలకు ఒరుసుకుని ఉంది. స్క్రూ తల బిగింపులో లేచి చిన్న బర్ (పదునైన మొన) అయింది. వైరు పైపొర అక్కడే తెగి, లోపలి రాగి బయటపడింది. దెబ్బ ఆ రోజుది కాదు, మరమ్మతు పనుల్లో ఏళ్ల కిందటే తగిలింది. సరుకు గదిలో పని అంటే వైరు కట్టల మధ్య మోకాళ్ల మీద కూర్చుని చేసే పని. ఎక్కడ చెయ్యి ఆనించారో, ఎక్కడ కాలు పెట్టారో ఏ కాగితంలోనూ ఉండదు. ఆ తర్వాత షటిల్స్ అన్నీ ఆపేసి వైరింగ్ తనిఖీ చేశారు. డిసెంబరు దాకా మరో షటిల్ ఎగరలేదు.

అదే ప్రయాణంలో రెండో తప్పు కూడా జరిగింది, మొదటిదానితో సంబంధం లేకుండానే. కుడి ఇంజిన్‌లో ఆక్సిజన్ వెళ్లే సన్నని గొట్టాల్లో ఒకటి పనికిరాదని, బంగారు పూత పూసిన ఒక చిన్న పిన్ను కొట్టి మూసేశారు. ఇంజిన్ వెలిగేటప్పుడు ఆ పిన్ను ఊడి, మంట బయటికి వెళ్లే గంట ఆకారపు నాజిల్ లోపలి గోడకు తగిలింది. ఆ గోడ అంటే వెయ్యికి పైగా పలచటి ట్యూబుల వరస. వాటిలో హైడ్రోజన్ పారుతూ నాజిల్‌ను చల్లగా ఉంచుతుంది. మూడు ట్యూబులు పగిలి హైడ్రోజన్ కారింది. ఇంజిన్ కంప్యూటర్ ఒత్తిడి పడిపోకుండా ఆక్సిజన్ ఎక్కువగా వాడింది, దాంతో ఆక్సిజన్ అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది. వేగంలో సెకనుకు దాదాపు 15 అడుగులు తక్కువైంది. ఆ లోటును చిన్న ఇంజిన్లతో సరిచేసుకున్నారు.

ఇంత జరిగాక, విడుదల మాత్రం పుస్తకంలో రాసినట్టే నడిచింది. కేథరీన్ కోల్‌మన్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన మిషెల్ తోనీనీ ఆ పనిలో ఉన్నారు. టెలిస్కోపు పడుకున్న తొట్టిని ముందు 29 డిగ్రీలు లేపి, రేడియో సంబంధం సరిచూశారు. షటిల్ కరెంటు నుంచి ఐయూఎస్ సొంత బ్యాటరీలకు మార్చి, కేబుల్ విడదీశారు. ఇక్కడి నుంచి తొందర మొదలు: బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. తర్వాత 58 డిగ్రీలకు లేపి, పట్టు విడిపించి, స్ప్రింగులతో బయటికి నెట్టారు. లేచిన 7 గంటల 17 నిమిషాలకు చంద్ర విడిపోయింది. షటిల్ దూరం జరిగాక, సుమారు గంటకు ఐయూఎస్ అంటుకుంది. రెండు దశలూ రెండేసి నిమిషాల చొప్పున మండాయి. మిగతా ఎత్తు చంద్ర సొంత ఇంజిన్లతో, అయిదు విడతల్లో.

చేరిన కక్ష్య 10,000 నుంచి 1,40,000 కిలోమీటర్లు. అక్కడికి రిపేరుకు ఎవరూ వెళ్లలేరు, అందుకే మొదటి నెలల దెబ్బ ఇంకా బాధించింది. భూమి చుట్టూ ఉండే రేడియేషన్ పట్టీల గుండా దిగేటప్పుడు తక్కువ శక్తి ప్రోటాన్లు అద్దాల మీద జారి నేరుగా కెమెరాలో బొమ్మ పట్టే చిప్పుల (సీసీడీల) మీద పడ్డాయి. ఎక్స్‌రేలను కూర్చడానికి నునుపు చేసిన అద్దాలే ప్రోటాన్లను కూడా కూర్చిపెట్టాయి. ఎలక్ట్రోడ్ల వైపు ఆకాశానికి పెట్టిన చిప్పులు దెబ్బతిన్నాయి, వెనక వైపు ఆకాశానికి తిప్పినవి తప్పించుకున్నాయి. అప్పటి నుంచి పట్టీల్లోకి వెళ్లే ముందు ప్రతిసారీ ఆ కెమెరాను ఫోకస్ నుంచి పక్కకు జరుపుతారు.

కాగితం గొడవ లేని పని ఇక్కడే దొరుకుతుంది. ఏటా పరిశీలనకు ప్రతిపాదనలు పిలుస్తారు, ఏ దేశంలో ఉన్నవాళ్లైనా పంపవచ్చు. పరిశీలన అడిగినవాళ్లకే పరిమితమైన గడువు దాటాక డేటా అందరికీ ఉచితం, దాన్ని విప్పే సియావో సాఫ్ట్‌వేర్ కూడా. పాత డేటాతో మొదలుపెట్టేవాళ్లు ముందు తేదీ చూసుకోవాలి: 2000 జనవరి 29 నుంచి ఆ కెమెరా మైనస్ 120 డిగ్రీల దగ్గర నడిచింది, అంతకు ముందు మైనస్ 110, ఇంకా ముందు మైనస్ 100. దెబ్బతిన్న చిప్పుల లోటు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది కాబట్టి, ఒకదానికి చేసిన సవరణ ఇంకోదానికి పనికిరాదు.