పెదనాన్నను సాగనంపి వచ్చాక

మొన్న పెదనాన్న దహనం మా ఊరి వైకుంఠధామంలో జరిగింది. పదిహేనేళ్ల క్రితం నానమ్మను చెరువు గట్టు కింద, జోరు వానలో సాగనంపాం. తడిసిన కట్టెలు అంటుకోక నాన్న పడిన అవస్థ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గుంట భూమి లేనివాళ్లకైతే అప్పట్లో వాగు ఒడ్డే దిక్కు.

2019లో పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలయ్యాక తెలంగాణ పల్లెల్లో ఈ పరిస్థితి మారింది. ఉపాధి హామీ నిధులతో దహన వేదికలు, వాటికి పైకప్పు, స్నానాల గదులు కట్టారు. మనసారా మెచ్చుకోవలసిన పని ఇది. అయితే ఆ తర్వాత అటువైపు చూసినవాళ్లు లేరు. మొన్న కుళాయిలో చుక్క నీరు రాలేదు. స్నానాలకు బోరింగు దగ్గరి నుంచి బిందెలతో మోసుకొచ్చాం. దారి నిండా సర్కారు తుమ్మ. పాడె మోస్తున్న మా తమ్ముడి పాదంలో ముల్లు దిగినా, వాడు భుజం మార్చకుండా అలాగే నడిచాడు. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు.

శ్మశానాల నిర్వహణ గ్రామ పంచాయతీ బాధ్యతే. నీళ్ల సంగతి వచ్చే గ్రామసభలో అడుగుతాను. తుమ్మను మాత్రం పెద్దకర్మలోపు మేమే కొట్టేస్తాం. గొడ్డళ్లు, కొడవళ్లు ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున్నే రండి.