అదును మీద ఊరికి: అడిశర్లపల్లి చెల్కల్లో మారథాన్ తయారీ

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు నెలాఖరులో ఉంటుంది. 42.195 కి.మీ. ఉరకాలంటే దూరం పెంచుకునే వారాలన్నీ జూన్, జులైలోనే పడతాయి. పత్తి గింజ పెట్టే అదును కూడా అప్పుడే. నల్లగొండ జిల్లాలో చెల్క, అంటే ఎర్ర మెట్ట పొలం, ఉండి పట్నంలో పరుగు అలవాటైనవాళ్లకు ఈ రెండూ ఏటా ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటాయి. ఊరికి పోయొచ్చిన రన్నర్లు తొడ వెనక పట్టేసిందనో నడుము లేవడం లేదనో అంటుంటే చాలామంది రోడ్డును, బూట్లను తప్పు పడతారు. ఆరుద్ర కార్తెలో పొలానికి పోయినప్పుడు నాకు తేటతెల్లమైంది ఏమిటంటే, దెబ్బ తగిలేది ఉరికేటప్పుడు కాదు, పనిలో. పనిని కూడా శిక్షణ లెక్కలో రాసుకోకపోతే ఎంత మంచి ప్లాన్ అయినా తప్పుతుంది.

సాగర్ రింగ్ రోడ్డు దగ్గర దేవరకొండ బస్సు ఎక్కితే ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి దాటుకుంటూ మల్లేపల్లి చౌరస్తాలో దిగుతాం. అక్కడి నుంచి పెద్దఅడిశర్లపల్లి వైపు ఆటోలు దొరుకుతాయి. అందరూ పీఏ పల్లి అనే అంటారు. ఆ రోడ్డు పక్కనే హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు మోసే పెద్ద పైపులైన్లు సాగుతాయి. అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నాసర్లపల్లి, గోడకొండ్ల పంపుల మీదుగా పట్నానికి తోస్తారు. మూడు దశలు కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. మొదటి దశ 2004లో మొదలైంది. అంత నీరు పక్క నుంచి పోతుంటే, ఇక్కడి మర్రిగూడ, మునుగోడు పల్లెలు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ బోరునీళ్లే తాగాయి.

రన్నర్ ఊళ్లో మొట్టమొదట అడగాల్సింది రూటు గురించి కాదు, ఈ నీళ్ల గురించే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. ఆ హద్దు వేసింది మామూలుగా తాగే మనిషిని దృష్టిలో పెట్టుకుని. ఉక్కపోతలో గంటన్నర ఉరికి, పొద్దంతా చెల్కలో పనిచేసే మనిషి 6 లీటర్లు తేలిగ్గా తాగుతాడు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి 4 మిల్లీగ్రాములు పోతుంది, ఆరు లీటర్లు తాగితే 12. పెద్దలకు రోజుకు 10 మిల్లీగ్రాములు పై హద్దు అని పోషకాహార నిపుణుల లెక్క. నాలుగు రోజుల చుట్టపుచూపుకు ఎముకలేమీ వంకర పోవు, ఆ భయం అక్కర్లేదు. నెలల తరబడి ఊళ్లోనే ఉండి తయారయ్యేవాళ్లు మాత్రం ఈ లెక్క వేసుకోవాల్సిందే.

నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ మురికిని ఆపుతుంది గానీ కరిగిన ఫ్లోరైడ్‌ను ఆపదు. ఆర్‌ఓ ఆపుతుంది, యాక్టివేటెడ్ అల్యూమినా అనే గుళికల ఫిల్టర్ ఆపుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి కలిపి తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి పేరే 'నల్లగొండ పద్ధతి'. మన జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసింది ఇట్ల! ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో వచ్చేది కృష్ణా నీళ్లే కాబట్టి ఇంటి దగ్గర పెద్ద చిక్కు లేదు. చిక్కంతా బాయికాడ. దాహమైతే అందరూ డ్రిప్ ఫిల్టర్ దగ్గర వాల్వు తిప్పి దోసిలి పడతారు. పొద్దుగాల ఇంటి నుంచి 10 లీటర్ల డబ్బా నింపి బండికి కట్టుకుని పోవడమే దీనికి మందు.

పరుగుకు ఇక్కడ ఉన్నంత మంచి దారి పట్నంలో దొరకదు. ఏఎంఆర్ (అలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు కాలువ అక్కంపల్లి నుంచి నల్లగొండ దగ్గరి ఉదయసముద్రం వైపు పోతుంది. దాని కట్ట మీది మొరం బాట చాలా చోట్ల చదునుగా ఉంటుంది, కాలికి మెత్తగా ఉంటుంది. ఊరి సీసీ రోడ్డు సిమెంటు, గట్టిది. తారు రోడ్డు నడిమిట్ల ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. లారీలకు భయపడి ఎప్పుడూ ఒకే అంచున ఉరికితే ఒక కాలు పొడుగు, ఇంకోటి పొట్టి అయినట్టు పడి, మోకాలి బయటి పక్క నొస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు నడిరోడ్డు, బండి చప్పుడైతే అంచు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

వాన పడ్డాక ఎంతసేపు ఆగాలన్నది నేలను బట్టి ఉంటుంది. ఎర్ర చెల్క ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీళ్లు దిగిపోయి మూడు నాలుగు గంటల్లో కాలు పెట్టనిస్తుంది. నల్లరేగడి అట్ల కాదు. బూటు కింద పొర మీద పొర అంటుకుని పది అడుగుల్లో కాలు బరువెక్కుతుంది, మడమ జారుతుంది. రేగడి దారి తగిలితే వెనక్కి మళ్లడమే.

ఇక ముళ్లు. కట్ట పొడుగునా సర్కారు తుమ్మ ఉంటుంది. దాని ముల్లు మెత్తటి బూటు అడుగును సూదిలాగా దిగబడుతుంది. దిగిన వెంటనే తెలియదు, అదే మోసం. ముల్లు రబ్బరు బయటే విరిగిపోయి దాని మొన లోపలి ఫోమ్‌లో ఉండిపోతుంది. ప్రతి అడుగుకూ ఫోమ్ నలిగినప్పుడల్లా కొంచెం కొంచెం పైకి జరుగుతుంది. మూడు నాలుగు కి.మీ. పోయాక అరికాల్లో చీమ కుట్టినట్టవుతుంది. ఆగి చూస్తే అడుగున ఏమీ కనబడదు. బూటు విప్పి లోపలి అట్ట తీసి వేలితో తడిమితే మొన తగులుతుంది. అక్కడి నుంచి లాగితే మళ్లీ విరుగుతుంది. బూటును విల్లులాగా వంచి, అడుగు రబ్బరు మీద చిన్న నల్లచుక్క వెతికి, పట్కారుతో ముల్లు దిగిన దారినే తిరిగి లాగాలి. ఇంటికి రాగానే రెండు బూట్లూ బోర్లించి చూడడం అలవాటు చేసుకోవాలి. బత్తాయి తోటలో ఇంకో రకం ముల్లు ఉంటుంది. అంటు కట్టిన చోటుకు కింద, వేరు కోసం వాడిన రంగపూర్ నిమ్మ కొమ్మలు పెడుతుంది. వాటికి ముళ్లెక్కువ. కత్తిరించినవాళ్లు వాటిని పాదులోనే వదిలేస్తారు. చెట్ల నీడ చల్లగా ఉంది కదా అని సాళ్ల మధ్య ఉరకొద్దు. ముళ్లు ఒకటైతే, గడ్డిలో కనబడకుండా పడి ఉండే 16 మి.మీ. డ్రిప్ పైపులు ఇంకొకటి. చీలమండ మడతపడేది వాటి మీదే.

చీకట్ల బయల్దేరేవాళ్లకు తలకు కట్టుకునే లైటు ఉండాలి. తొలకరికి కట్లపాము, రక్తపింజర బయట తిరుగుతాయి. గడ్డి మోకాలెత్తు ఉన్న ఒడ్డు మీద అసలు పోవద్దు. కుక్కల దగ్గర మాత్రం పరుగు ఆపి నడిస్తే చాలు. గొర్ల మందకు కాపలా ఉండేవి ఉరికే మనిషినే ఎంటబడతాయి.

అసలు సంగతి పనిలో ఉంది. చెల్క నేలలో 50 నుంచి 60 మి.మీ. వాన పడి తడి బాగా లోపలికి దిగాకే పత్తి గింజ పెట్టాలి. ఆ వాన ఎప్పుడు పడుతుందో ఏ ప్లాన్‌లోనూ ఉండదు. స్పీడ్ పరుగు పెట్టుకున్న నాడే ఇంట్లో మాట వచ్చింది: "మొగులైంది బిడ్డా, ఇయ్యాల ఉరుకుడు బంద్ పెట్టు. అచ్చు తోలినం, పదును ఆరకముందే గింజలు పడాలె."

90 × 60 సెం.మీ. దూరంలో అచ్చు తోలితే, అంటే గింజ పెట్టే గుర్తులు గీస్తే, ఎకరాకు దాదాపు 7,500 చోట్ల గింజ పడుతుంది. సాళ్లన్నీ కలిపి పొడుగు కొలిస్తే 4.5 కి.మీ. అంటే ఒక్క మనిషి ఎకరం పెడితే చేతి గడియారానికి అది 4.5 కి.మీ. నడకే, గుండె వేగం కూడా పెద్దగా పెరగదు. "ఈ రోజు తేలిక" అని చూపిస్తుంది. ఏడున్నర వేల సార్లు నడుము వంగిన లెక్క దానికి తెలియదు. మోకాళ్లు బిగబట్టి నడుము దగ్గరే వంగితే తొడ వెనక కండరం సాగిన స్థితిలోనే బరువు మోస్తుంది. ఆ నొప్పి ఆ రోజు రాదు, మరునాడు మొదలై రెండో నాడు గట్టిగా ఉంటుంది. సరిగ్గా ఆ రెండో నాడు వేగంగా ఉరికితే పిరుదు కింద, కండరం ఎముకకు అతుక్కునే చోట పట్టేస్తుంది. అది వారాలు తీసుకుంటుంది.

ఏళ్ల తరబడి గింజలు పెట్టే ఆడవాళ్లను దగ్గరగా చూస్తే కిటుకు తెలుస్తుంది. మోకాళ్లు కొంచెం మడిచే ఉంచుతారు. ఎడమ ముంజేయి ఎడమ తొడ మీద ఆనిస్తారు, పైఒంటి బరువు అక్కడికి పోతుంది. కుడి చేత్తో గింజ వేసి, కాలి బొటనవేలితో మట్టి తోసి ముందుకు కదులుతారు. సాలు చివర నిలబడి నడుము వెనక్కి వంచి, రెండో సాలుకు చేయి మారుస్తారు. ఏ జిమ్ కోచ్ చెప్పినా ఇంతకన్నా బాగా చెప్పడు.

ఎరువు బస్తాలది వేరే లెక్క. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50. అరవై కిలోల రన్నర్ భుజానికి యూరియా బస్తా తన ఒంటి బరువులో ముప్పావు వంతు. ఒకే భుజం మీద తడి దుక్కిలో మోస్తే నడుము ఒక పక్కకు లాగుతుంది. సగం సగం చేసి రెండు బకెట్లలో మోస్తే పిడికిలికి, నడుముకు మంచి వ్యాయామమే. 16 లీటర్ల మందు పంపు నింపితే 20 కిలోలు దాటుతుంది. పైరు ఎదిగాక ఎకరాకు 200 లీటర్లు కొట్టాలంటే పన్నెండు, పదమూడు పంపులు. గాలి లేని పొద్దుగాలే మందు కొడతారు, మనం ఉరికేది కూడా అప్పుడే. పరుగులో ఊపిరి ఎక్కువ లాగుతాం కాబట్టి మందు వాసన తగిలిందంటే గాలికి ఎదురు దిక్కు మళ్లాలి.

వారాన్ని నేను ఇట్ల తిరగేసుకున్నాను. వాన సూచన ఉన్న రోజే కష్టమైన పరుగు ముగించాలి, గింజ పెట్టేముందే. గింజ పెట్టిన రోజు పరుగు లేదు. మరునాడు 40 నిమిషాలు, మాట్లాడుకుంటూ పోగలిగే వేగం. రెండో నాడు అంతకన్నా తక్కువ, లేదా నడక. మూడో నాడు మెట్లు దిగుతుంటే తొడ వెనక నొప్పి లేకపోతేనే లాంగ్ రన్. బస్తాలు, బకెట్లు మోసిన వారంలో వేరే బరువుల వ్యాయామం అక్కర్లేదు.

చెమట కొలవడానికి పత్తి తూకం వేసే ఎలక్ట్రానిక్ కాంటా బాగా పనికొస్తుంది. 50 గ్రాముల తేడా చూపిస్తే చాలు. పరుగుకు ముందు, తర్వాత తడి బట్టలు విప్పి తూగాలి. 64.2 కిలోలు 62.9 అయ్యి, మధ్యలో అర లీటరు తాగారనుకోండి, పోయిన చెమట 1.8 లీటర్లు. అది గంటంబావులో అయితే గంటకు దాదాపు 1.4 లీటర్లు. మొత్తం తిరిగి పోయాల్సిన పని లేదు, బరువు రెండు శాతం కన్నా ఎక్కువ తగ్గకుండా చూసుకుంటే చాలు. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. దాన్ని వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తే మరీ ప్రమాదం. తోటలో రాలిన బత్తాయిలు ఎట్లాగూ ఉంటాయి. పావు లీటరు రసం, 40 గ్రాముల బెల్లం, పావు చెంచా ఉప్పు, మిగతాది నీళ్లు కలిపి లీటరు చేస్తే కొనే పౌడర్లకు ఏమాత్రం తీసిపోదు. బెల్లం ముందే నానబెట్టి వడగట్టాలి, లేకపోతే సీసా మూతి పూడుతుంది.

తిండి విషయంలో ఒక్కటే. జొన్నరొట్టె, గట్క లాంగ్ రన్ తర్వాత తినాలి, ముందురాత్రి కాదు. వాటిలో పీచు ఎక్కువ, కట్ట మీద పదో కిలోమీటరులో కడుపు కలచివేస్తుంది. ముందురాత్రికి అన్నం, పలచటి పప్పు, పచ్చిపులుసు చాలు.

గుట్ట ఎక్కాలనుకుంటే దేవరకొండ ఖిల్లా ఉంది, 14వ శతాబ్దంలో పద్మనాయకులు కట్టింది. రాతి మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఎక్కేటప్పుడు ఉరకొచ్చు, దిగేటప్పుడు నడవాలి. గింజ పెట్టిన వారంలో ఇది వద్దు.

తిరుగు ప్రయాణం లాంగ్ రన్ రోజు పెట్టుకోకండి. దేవరకొండ బస్సులో మోకాళ్లు ముందు సీటుకు తగులుతుంటే రెండు గంటలు పైనే కూర్చోవాలి, పిక్కలు పట్టేస్తాయి. తప్పకపోతే నడవా పక్క సీటు చూసుకుని, మాల్‌లో బస్సు ఆగినప్పుడు దిగి నాలుగడుగులు వేయాలి. బత్తాయి సంచి ఇచ్చి పంపుతారు, అది 10 కిలోలకు తగ్గదు. భుజానికి తగిలించుకోకుండా డిక్కీలో వేయించండి.